పొర మీద పొర, మధ్యలో పాము

ఆ రోజుల్లో ఉద్యోగం దొరికిందంటే చాలు, అదేం ఉద్యోగమని అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నాకు దొరికింది బందరులో ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరు పని. పొద్దున్నే కప్పల్ని సిద్ధం చేయడం, మధ్యాహ్నం వాటిని కోసి పిల్లలకి చూపించడం, సాయంత్రం ఆ ట్రేలన్నీ కడిగించడం. నేను మా అక్కయ్య వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. సాయంత్రం నేను వీధి మలుపు తిరగ్గానే వాసన కనిపెట్టి, "పెరటి దారిన రా!" అని లోపలినుంచే కేకేసేది. నూతి దగ్గర సున్నిపిండితో చేతులు రుద్దుకుని వచ్చినా, అన్నం వడ్డించేటప్పుడు మాత్రం విస్తరి కాస్త దూరంగా జరిపేది. ఇరవై మూడేళ్ళవాడికి అలసటేమిటని ఇప్పుడు నాకే అనిపిస్తుంది గాని, నేను జీవితంలో నిజంగా అలిసిపోయిన రోజులంటే అవే. తరవాత వచ్చినదంతా వట్టి ముసలితనం.

ఆ అలసటకి మూలకారణం మా డిపార్టుమెంటు పెద్ద. ఆయన్ని నేను మాస్టారనేవాణ్ణి. పిల్లలు మాత్రం చాటున 'ఆగవోయ్ మాస్టారు' అనేవారు. ఏ పని ఎవరు చేయబోయినా ముందు ఆయన నోట వచ్చే మాట "ఆగవోయ్". తలుపు తీయబోతే ఆగవోయ్, మైక్రోస్కోపు తిప్పబోతే ఆగవోయ్, ఆఖరికి నేను తుమ్మబోయినా ఆగవోయ్ (స్లైడు మీద కవర్ గ్లాసు ఎగిరిపోతుందని). మంచి మనిషి. పాఠం చెప్తే పీత కూడా విద్యార్థుల కళ్ళకి అందంగా కనిపించేది. కాని ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన పేరు మీద ఒక్క పరిశోధనా వ్యాసం కూడా అచ్చు కాలేదు. రాసిందల్లా 'ఇంకోసారి చూద్దాం, ఆగవోయ్' అని సొరుగులోకి తోసేసేవారు. రిటైరయ్యే రోజు దగ్గర పడింది.

ఆయనకి ఒకే ఒక్క ఆస్తి ఉండేది. మా మ్యూజియంలో, చివరి అల్మైరాలో, ఒక గాజు సీసాలో రెండు తలల సముద్రపు పాము పిల్ల. జానెడు కూడా ఉండదు. ఒంటి నిండా నలుపూ పసుపూ కట్లు, మెడ దగ్గర రెండుగా చీలి, రెండు తలలూ ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగా ఉండేవి. వయసులో ఉన్నప్పుడు హంసలదీవిలో, కృష్ణ సముద్రంలో కలిసే చోట, జాలర్ల వలలోంచి తెచ్చారట. రోజూ ఇంటికెళ్ళే ముందు ఒకసారి ఆ అల్మైరా ముందు నిలబడేవారు. చూసి వెళ్ళిపోయేవారు, అంతే.

బందరు ఉప్పుగాలికి ఏ మూతా నిలవదు. మైనం పెట్టినా, గుడ్డ చుట్టినా, లోపలి ఫార్మలిన్ ఆవిరైపోతూనే ఉండేది. సీసాలో ద్రవం టీ రంగుకి తిరిగింది. పాము రంగు వెలిసిపోతోంది. మాస్టారు బెంగ పెట్టుకున్నారు. ఆ బెంగలో ఉండగా మద్రాసులో రంగుల కంపెనీలో పనిచేసే వాళ్ళ తమ్ముడు ఒక డబ్బా, దానితో పాటు ఒక సీసా పట్టుకొచ్చాడు. డబ్బాలో తేనెలా చిక్కటి రెసిను, సీసాలో హార్డెనరనే మందు. రెండూ కలిపి పోస్తే గాజులా గట్టిపడుతుందట. లోపల ఏది పెడితే అది అలాగే కలకాలం ఉండిపోతుందట. గాలి తగలదు, చెమ్మ తగలదు, మూత అక్కర్లేదు.

"ఏవోయ్, ఇక మన పాముకి చావు లేదోయ్!" అన్నారు మాస్టారు.

అది చచ్చి నా వయసంత కాలమైందని నేను గుర్తుచేయలేదు.

పోసే పని నాకొచ్చింది. నా చెయ్యి వణకదని మాస్టారి నమ్మకం (వణికే ఓపిక కూడా లేదన్నది నిజం). మొదటిసారి ఉత్సాహంగా, అక్కయ్యని అడక్కుండా తెచ్చిన సత్తుగిన్నెలో సగం డబ్బా వంపి, మందు పోసి, పుల్లతో తిప్పాను. కాసేపు ఏమీ కాలేదు. గిన్నె గోరువెచ్చగా అయింది. మాస్టారు "ఆగవోయ్, కుదురుకుంటోంది" అన్నారు. తరవాత చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. తరవాత పొగ. ఆ పొగ కుళ్ళిన రొయ్యల వాసన వేసింది. డిపార్టుమెంటంతా బయటికి పరిగెత్తింది. మామూలుగా పక్కనున్న కెమిస్ట్రీ వాళ్ళ కంపుకి మేం పరిగెత్తేవాళ్ళం, ఆ రోజు మా కంపుకి వాళ్ళు పరిగెత్తారు, మా పగ తీరింది. చల్లారాక చూస్తే గిన్నె, పుల్ల, రెసిను ముగ్గురూ ఒకటైపోయారు. అక్కయ్య ఆ గిన్నెని చాలా ఏళ్ళు తలుపుకి అడ్డు పెట్టేది, నేను ఎప్పుడు చూసినా దానివంకా నావంకా చూసేది.

అలా తగలబడ్డాక తెలిసొచ్చింది, అది ఒక్కసారిగా పోసేది కాదని. పల్చగా ఒక పొర పోయాలి. అది తాటిముంజెలా అయ్యేదాకా కూచోవాలి. అంటే వేలు ఆనిస్తే ముద్ర పడాలి గాని అంటుకోకూడదు. తొందరపడి అంతకుముందే లోపల పెట్టాల్సిన జీవిని పెడితే అడుక్కి మునిగిపోతుంది. ఆలస్యం చేసి పూర్తిగా గట్టిపడ్డాక తరవాతి పొర పోస్తే రెండు పొరల మధ్యా గీత కనపడుతుంది, అద్దం రెండుగా అతికించినట్టు. సరిగ్గా ఆ ముంజె ఘడియలో జీవిని పెట్టి, పైన మళ్ళీ పల్చగా పోసి, బుడగలు వస్తే పైకి తేల్చి, మళ్ళీ కూచోవాలి. ఎండ కాస్తే త్వరగా ముదురుతుంది, ముసురు పడితే జిగటగా, పైన తెల్లటి జిడ్డు పొరతో రోజంతా ఏడుస్తుంది. నేను స్టూలు మీద కూచుని వేలు ఆనించి చూడడం, మాస్టారు వెనకనుంచి "ఆగవోయ్" అనడం, ఇదీ ఆ వేసవంతా మా జీవితం. మనిషి ఆయుష్షులో పనికంటే ఎదురుచూపులే ఎక్కువ మనిషిని నలుపుతాయని ఆ స్టూలు మీదే తెలుసుకున్నాను.

ముందు పీతతో మొదలుపెట్టాం. మంచి నీలం పీత. పొర కాస్త మందం ఎక్కువైంది కాబోలు, లోపల వేడికి అది ఎర్రగా ఉడికిపోయింది. గట్టిపడ్డాక చూస్తే అచ్చం పళ్ళెంలో వడ్డించినట్టుంది. నేను దాన్ని దాచలేక ఇంటికి తెచ్చాను. మా బావ పెడన అద్దకం బట్టల వ్యాపారి, పుల్లవిరుపుగా మాట్లాడేవాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఉప్పూ కారం కూడా వేసి పోయాల్సిందోయ్ బావమరిదీ, చుట్టాలొస్తే చూపించి అన్నం పెట్టేసేవాళ్ళం" అన్నాడు. తరవాత రొయ్య. అది అడుక్కి మునిగింది. తరవాత సీతాకోకచిలుక. దాని రెక్కల కింద బుడగలు చేరి, ముత్యాల హారం వేసుకున్న పెళ్ళికూతురిలా తయారైంది. ఒక తూనీగ మాత్రం ఎలా కుదిరిందో కుదిరింది. గాలిలో ఆగిపోయినట్టుంది. మాస్టారు దాన్ని కిటికీ వెలుగుకి పెట్టి చాలాసేపు చూశారు. "ఇక పాము" అన్నారు మెల్లిగా. అని, మళ్ళీ ఆయనే, "ఆగవోయ్, ఇంకా నాలుగు తూనీగలు చూద్దాం" అన్నారు.

ఇంకా ఎన్ని తూనీగలు చూసేవాళ్ళమో గాని, దీపావళి ముందు ప్రిన్సిపాలుగారు పిలిచి, వాల్తేరు యూనివర్సిటీనుంచి ఒక ప్రొఫెసరుగారు పండగ వెళ్ళాక బందరు వస్తున్నారనీ, రెండు తలల పాము సంగతి విని చూడాలంటున్నారనీ చెప్పారు. బాగుంటే మాస్టారితో కలిసి వ్యాసం రాస్తారట. ఆ మాట విన్న మనిషి గదిలోకి ఎలా వచ్చారో నాకింకా గుర్తు. కుర్రాడిలా వచ్చారు.

"ఇవాళే పోసేద్దామోయ్!"

"మాస్టారూ, ముందు దాన్ని స్పిరిట్లో నానేసి ఒంట్లో నీళ్ళన్నీ లాగెయ్యాలి కదండీ. చెమ్మ ఉంటే పాడవుతుంది."

"ఒకసారి ముంచి తీద్దాం, చాలు."

స్పిరిట్ మాత్రం ఎక్కడిది? మద్యనిషేధం రోజులు. ఆ సీసా ప్రిన్సిపాలుగారి బీరువాలో, ఆయన సొంత తాళం కింద ఉండేది. మేం ప్రయోగానికడిగినా ఆయన ముందు మా మొహాలు వాసన చూసినట్టు చూసేవారు. దొరికిన కాస్తలో పాముని ముంచి తీశాం. "ఇంకో వారం ఆగితే" అని నేనన్నాను. ఇన్నాళ్ళూ నన్ను ప్రతి అడుగుకీ ఆపిన మనిషి ఆ రోజు నా మాటకి చెయ్యి విదిలించారు. ఆయన కళ్ళు చూశాక నాకు రెండోసారి చెప్పబుద్ధి కాలేదు.

గాజు పలకలు నిలబెట్టి, సందులకి మైనం పెట్టి, లోపల వేజలైను రాసి అచ్చు చేశాను. మొదటి పొర పోశాను. ముంజె అయ్యేదాకా ఇద్దరం అచ్చు పక్కనే కూచున్నాం. పాముని మాస్టారే స్వయంగా పట్టకారుతో పెట్టారు. రెండు తలలూ రెండు వైపులా వచ్చేలా సర్ది చెయ్యి తీశారు. రెండో పొర, మూడో పొర. ఆఖరి పొర మీద ఒక దోమ వచ్చి వాలింది. తీయబోతే కాళ్ళు ఊడొస్తున్నాయి. "వదిలెయ్, వదిలెయ్, ఉపరితలం చెడుతుంది" అన్నారు. పైన పల్చగా ఇంకో పొర పోసి దోమని కూడా అమరుణ్ణి చేశాను. అచ్చు విప్పితే పాము కట్లు కట్లుగా, స్పష్టంగా, నిన్న నీళ్ళలోంచి తీసినట్టుంది. మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ సాయంత్రం ముసురు పట్టింది. పైపొర జిగట వదల్లేదు. కాలేజీకి దీపావళి సెలవులు. వెచ్చగా, పొడిగా ఉండే చోటు కావాలి. బందరులో ఆ ముసురులో అలాంటి చోటు వంటిల్లొకటే. కాని మాస్టారి భార్యకి, ఆవిణ్ణి నేను పిన్నిగారనేవాణ్ణి, ఆయన కాలేజీనుంచి కాగితం ముక్క తెచ్చినా గిట్టేది కాదు. "ఆ శవాలన్నీ మీ కాలేజీలోనే తగలెయ్యండి" అనేవారు. అందుకని మాస్టారు ఆ దిమ్మని తువ్వాల్లో చుట్టి, ఆవిడ చూడకుండా వంటింట్లో దేవుడి అరమీద, పటాల వెనక దాచారు. పొయ్యి సెగా తగులుతుంది, దీపం వేడీ తగులుతుంది.

నాగుల చవితి పొద్దున్న నాకు కబురొచ్చింది, మాస్టారు వెంటనే రమ్మంటున్నారని. వెళ్ళేసరికి వాళ్ళ వాకిట్లో వీధిలో ఆడవాళ్ళంతా తడి జుట్లతో, పాల చెంబులతో నిలబడి ఉన్నారు. లోపల పీట మీద, పసుపు ముద్దల మధ్య, మా దిమ్మ. దానికి కుంకుమ బొట్లు. చలిమిడి, చిమ్మిలి నైవేద్యం. అన్నిటికంటే నన్ను నిలువునా నీరుగార్చింది పాము. అది నలుపూ పసుపూ కాదు. తల నుంచి తోక దాకా ధగధగా వెండి! ఒంట్లో మిగిలిన చెమ్మ ఆ వెచ్చదనానికి బయటికొచ్చి, చర్మానికీ రెసినుకీ మధ్య పల్చటి సందు విడిచింది, ఆ సందే అద్దంలా మెరుస్తోంది. కట్లు లేవు, పొలుసులు లేవు. కంసాలి పోతపోసినట్టు నున్నటి వెండి పాము, రెండు తలలతో.

"పుట్టకి వెళ్దామని పటాలు సర్దుతుంటే తువ్వాల్లోంచి కనపడ్డాడు బాబూ," అన్నారు పిన్నిగారు, చేతులు జోడించి. "చవితి పూట నా ఇంటికి తనే వచ్చాడు."

"పైన గరుత్మంతుడు కూడా ఉన్నాడు చూడండి పిన్నిగారూ," అంది పక్కింటావిడ, దోమని చూపించి.

మాస్టారు పెరటి గుమ్మంలో చతికిలబడి ఉన్నారు. నన్ను చూసి, "పొలుసులు పోయాయోయ్," అన్నారు. నేను పక్కన కూచున్నాను. లోపల పాలు పోస్తున్న చప్పుడు వినపడుతోంది. వేసవినుంచి పేరుకున్న అలసటంతా ఒక్కసారి మీద పడింది.

మర్నాడు ప్రొఫెసరుగారు మాస్టారింటికే వచ్చారు. సూటు, బూటు. పిన్నిగారు గుమ్మంలోనే ఆపి, కాళ్ళకి నీళ్ళిచ్చి, బూట్లు విప్పించారు. ఆయన మేజోళ్ళు కూడా విప్పి, సూటుతో పీట ముందు బాసింపట్టు వేసుకుని, భూతద్దం తీశారు. చాలాసేపు చూశారు. వెలుగులో అటూ ఇటూ వంగారు.

"ఇది వెండిలా మెరుస్తోందండీ. పొలుసు అంచు కనపడకపోతే ఏ జాతో ఏం రాయగలను? సీసాలో ఉంచేస్తే బాగుండేది," అన్నారు. మాస్టారి మొహం చూసి, కాస్త మెత్తబడి, "పోనీ నాతో వాల్తేరు పంపండి. ఎక్స్‌రే తీయిద్దాం. వెన్నెముక ఎక్కడ చీలిందో తెలుస్తుంది. దానిమీద రాయొచ్చు. మీ పేరూ వేద్దాం" అన్నారు.

మాస్టారు తలెత్తారు. అప్పుడు పిన్నిగారు అడ్డం వచ్చారు.

"కార్తీకం వెళ్ళేదాకా స్వామిని కదపడానికి వీల్లేదండీ."

"అమ్మా, మీవారికి పేరొస్తుంది."

"పేరా?" అన్నారు ఆవిడ. తరవాత ప్రొఫెసరుగారితోనే, కాని ఆయనవంక చూడకుండా, చెప్పడం మొదలుపెట్టారు. "ఇది ఏ పామో తలలు చూడగానే పోల్చుకున్నానండీ. మా పెళ్ళైన ఏడు మాఘ పౌర్ణమికి నన్ను హంసలదీవి తీసుకెళ్ళారండీ. స్నానం చేసి నేను చీర పిండుకుంటుంటే, ఈయన వలలో దీన్ని చూశారు. ఇహ కొత్తపెళ్ళాం ఒకత్తి పక్కనుందన్న సంగతే మర్చిపోయారు. నా పుట్టింటివాళ్ళిచ్చిన మరచెంబులో మంచినీళ్ళు పారబోసి, ఉప్పునీళ్ళు పట్టి, దీన్ని అందులో వేసి, మూత వదులుగా పెట్టారు. అవనిగడ్డ దాకా బండిలో ఆ చెంబు నా ఒళ్ళోనే. నాలుక పిడచగట్టుకుపోతుంటే, 'గట్టిగా పట్టుకో, ఒలుకుతుంది' అంటారు. ఒలకలేదండీ, ఒక్క చుక్క కూడా. అది బతికే ఉందని దిగాక చెప్పారు!"

ప్రొఫెసరుగారు అప్రయత్నంగా కాస్త వెనక్కి జరిగారు.

"దారంతా ఒకటే చెప్పడం. దీనిమీద రాస్తాను, అచ్చు వేయిస్తాను, అందులో నీ పేరు కూడా చెప్తాను, చెంబు పట్టుకుంది నువ్వేగా, అని. నేను చూస్తూనే ఉన్నాను, రాస్తారు రాస్తారు అని." అని ఆవిడ లేచి, పీట దగ్గరికి వెళ్ళి, కొంగుతో కుంకుమా పసుపూ తుడిచి, దిమ్మని రెండు చేతుల్తో తెచ్చి ప్రొఫెసరుగారి ముందు పెట్టారు. "పేరొస్తుందంటే తీసుకెళ్ళండి. చవితి అయిపోయిందిగా."

మాస్టారు ఆవిణ్ణి అలా చూడడం నేనెప్పుడూ ఎరగను. ఇన్నేళ్ళూ ఆవిడకి ఆ పామంటే అసహ్యమనే ఆయన అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆయన దిమ్మని చేతిలోకి తీసుకుని, ఒకసారి కిటికీ వెలుగుకి తిప్పి చూసి, తీసుకెళ్ళి మళ్ళీ పీట మీద పెట్టేశారు.

"ఉండనివ్వండి ప్రొఫెసరుగారూ. ఇక్కడ బాగానే ఉంది," అన్నారు.

ప్రొఫెసరుగారు మేజోళ్ళు తొడుక్కుని, చలిమిడి తిని, తూనీగ దిమ్మని మెచ్చుకుని వెళ్ళిపోయారు. వ్యాసం లేదు. మాస్టారు మరుసటి ఏడు రిటైరయ్యారు. నాకు గుడివాడలో లెక్చరరు పని దొరికింది. బందరు వదిలేటప్పుడు ఇక జన్మలో రెసిను ముట్టనని అక్కయ్య సత్తుగిన్నె మీద ఒట్టేశాను.

చాలా ఏళ్ళ తరవాత, నేను కూడా రిటైరయ్యాక, పిన్నిగారు గుడివాడలోనే వాళ్ళ తమ్ముడింట్లో ఉన్నారని తెలిసి చూడబోయాను. మాస్టారు పోయి అప్పటికి కొంతకాలమైంది. దేవుడి అరలో ఆ దిమ్మ ఉంది. కాలానికి పచ్చబడి, ముదురు బెల్లం పాకంలా అయిపోయింది. పాలకీ దీపం సెగకీ పైన గరుకుదేలి, లోపల పాముందని తెలిసినవాళ్ళకి తప్ప తెలియదు. ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వు పోసిందేగా బాబూ. పైన ఇంకో పొర పోసిపెట్టకూడదూ?" అన్నారు.

నాకు మోకాళ్ళ నొప్పులు, చెయ్యి వణుకుతోంది, ఒట్టు ఉండనే ఉంది. "అలాగే పిన్నిగారూ" అన్నాను.

రంగుల కొట్టుకి వెళ్ళి రెసిను కావాలన్నాను. "దేనికండీ, పడవకా, గచ్చుకా?" అన్నాడు కొట్టాయన. "పాముకి" అన్నాను, వేరే మాట తోచక. "కన్నం మూయడానికైతే సిమెంటు చాలుగదండీ" అన్నాడాయన, నామీద నిజంగా జాలిపడి.

దిమ్మని ఉప్పుకాగితంతో రుద్ది, తుడిచి, వాళ్ళ వరండాలో ఎండపొడ చూసుకుని కూచుని పల్చగా పోశాను. గరుకంతా మాయమై, లోపల వెండి లీలగా మెరిసింది. కాని సరిగ్గా ఒక తల మీద బుడగ ఒకటి మిగిలిపోయింది. కళ్ళజోడు పైకి నెట్టి చూస్తున్నాను. పిన్నిగారు కాఫీ తెచ్చి, నా భుజం మీదుగా వంగి చూసి, "ఊపిరి వదిలాడు," అన్నారు సంతోషంగా.

ఆ ఇరవై మూడేళ్ళవాడు నా పక్కన ఉండుంటే, సూది పుచ్చుకుని ఆ బుడగ వెంటపడి, పొరంతా గెలికి, పొద్దుగూకేదాకా ఏడిచేవాడు. పాపం, మంచివాడే. నేను కాఫీ అందుకున్నాను.